రాహేలు ముఖం

ప్రభుదాసు తీసిన ఫొటోలకు బహుమతులు వచ్చాయి. ఆ ఫొటోల్లో ఉన్న క్వారీ మనుషులకు మాత్రం నీడ కూడా రాలేదు.

పల్నాడులో, మాచర్లకు అవతల, అతను పుట్టిన ఊరి చుట్టూ అన్నీ నాపరాయి గుంటలే. అమ్మా నాన్నా ఆ గుంటల్లోనే పనిచేసి పోయారు. అక్క రాహేలు రాళ్ళు మోసి తమ్ముణ్ణి చదివించింది. అతను హైదరాబాదులో ఒక పత్రికకు ఫొటోగ్రాఫరయ్యాడు. ప్రతి వేసవిలోనూ ఊరికొచ్చి, ఎండలో పలకలు తీసేవాళ్ళను ఫొటోలు తీసేవాడు. లోకమంతా ఎండలు ముదురుతున్నాయి, అవి అందరికంటే ముందు ఇలాంటివాళ్ళ నెత్తినే పడుతున్నాయి, ఈ సంగతి చూపించాలని అతని తాపత్రయం. ఎగ్జిబిషన్‌కు వచ్చినవాళ్ళు ఆ ఫొటోల ముందు కాసేపు నిలబడి, తల ఊపి, టీలు ఇచ్చే బల్ల దగ్గరికి వెళ్ళిపోయేవారు.

రాహేలు భర్త ఏలియా ఒక రోహిణి కార్తెలో పలక ఎత్తబోతూ బోర్లా పడిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. వడదెబ్బ కాదు, గుండెజబ్బు అన్నాడు క్వారీ యజమాని. అంతకు ముందు ఏడాది ప్రభుదాసు తీసిన బావ ఫొటోకు ఆ చావు తర్వాత ఢిల్లీలో బహుమతి ఇచ్చారు. అది అందుకునే సభలోనే అతనికి వకుళ పరిచయమైంది.

వకుళ మెదడు శాస్త్రవేత్త. హైదరాబాదు శివార్లలో ఒక పరిశోధనా సంస్థలో పనిచేసేది. మొహమాటం లేని మనిషి. "మీ ఫొటో చాలా అందంగా ఉంది. అదే దాని లోపం. చూసినవాళ్ళ ఒంటికి ఏమీ కాదు," అంది.

తర్వాత తన ప్రయోగశాలకు రమ్మంది. అక్కడ ఒక తెర మీద ఐసు నీళ్ళలో మునిగి ఉన్న చేతి బొమ్మ చూపించింది. చేతిలో టీ కప్పుతో నిలబడి చూస్తున్న ప్రభుదాసుకు వేళ్ళు కొంకర్లు పోయాయి. ఎముకలోకి చలి దిగింది. కప్పు జారి కింద పడి పగిలింది. బొమ్మ ఆపగానే చేతికి వెచ్చదనం వచ్చింది.

ఆ చెయ్యి తనదేనంది వకుళ. ఐసులో చెయ్యి పెట్టినప్పుడు తన ఒంట్లో, తలలో ఏం జరిగిందో అంతా పట్టుకుని, ఆ బొమ్మ వెలుగులో సన్నని వణుకుగా కలిపానని చెప్పింది. ఆ వణుకు కంటికి తెలియదు, మెదడు దాన్ని చదువుకుంటుంది. చూసేవాడి ఒళ్ళు బొమ్మలోని ఒళ్ళయిపోతుంది. అంతర్జాతీయ సంస్థ ఒకటి దీనికి ఖర్చు పెడుతోందనీ, వచ్చే ఏడాది ప్రపంచ దేశాల సభలో ఎండల మీద ఒక బొమ్మ చూపించాలనీ అంది. ఒంటరి చెయ్యి చాలదు, ముఖం కావాలి. మనిషి చూపు ఎక్కడికి పోయినా తిరిగి ముఖం మీదికే వస్తుంది.

ఎవరి ముఖమో ప్రభుదాసు ఆలోచించుకోవలసిన పని లేకపోయింది.

రాహేలు అంతా విని ఒకే ఒక్క సంగతి అడిగింది.

"ఏలియాకి ఏం జరిగిందో వాళ్ళకి తెలిసిద్దా?"

"ఒంటికి తెలిసిద్దక్కా."

"అయితే తియ్యి."

*

మే నెలాఖరున తీశారు. ఒంట్లో, తలలో జరిగేది పట్టుకోవడానికి రాహేలు తలగుడ్డ కింద సన్నని వల టోపీ, రవిక లోపల రెండు పట్టీలు పెట్టారు. వకుళ గుంట అంచున, ఏసీ వేసుకున్న కారులో కూర్చుని లాప్‌టాప్ చూస్తోంది. రాహేలు పలకలు మోస్తోంది. తెల్లరాయి మీద పడిన ఎండ కింది నుంచి మళ్ళీ ముఖానికి కొడుతోంది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆమెకు చెమట పట్టడం ఆగిపోయింది. వకుళ అద్దం దించి, ఇక చాలు, ఆమెను నీడకు తీసుకురమ్మని కేకేసింది.

ప్రభుదాసు వినలేదు. కాదు, విన్నాడు. అయినా ముఖంలో తనకు కావలసింది ఇంకా రాలేదు. ఒక్క క్షణం ఆగమని చెయ్యి చూపించాడు. రాహేలు పలక దించి, వంగిన నడుం ఎత్తి, కెమెరాలోకి సూటిగా చూసింది. పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి. చూపు మాత్రం కదలలేదు. అతను మీట నొక్కాడు. మరుక్షణం ఆమె మోకాళ్ళ మీద కూలబడి వాంతి చేసుకుంది.

ప్రయోగశాలలో ఆ ఫొటోను మొదట చూసినవాళ్ళు కొంతమంది వలంటీర్లు. చల్లని గదిలో స్వెటర్లు వేసుకుని కూర్చున్నవాళ్ళు ఊపిరి ఆడనట్టు కాలర్లు లాక్కున్నారు. ఒకాయన నాలుక పిడచకట్టి మాట్లాడలేకపోయాడు. బయటికొచ్చాక అందరూ ఒకటే అన్నారు, ఇంత ఘోరమని మాకు తెలియదని. ఒకావిడ ఏడ్చింది. వకుళ ఆ సాయంత్రం ప్రభుదాసు చెయ్యి పట్టుకుని ఊపేసింది.

అతను ఫొటో రంగులు సరిచేస్తూ రోజుల తరబడి దాని ముందు కూర్చున్నాడు. ఒళ్ళు కాలితే లేచి, ముఖం కడుక్కుని, మళ్ళీ కూర్చునేవాడు.

ప్రపంచ దేశాల సభలో కోట్లు వేసుకున్న ప్రతినిధులు ఒక్కొక్కరే కోట్లు విప్పేశారు. తెర ఆపమని కొందరు చేతులెత్తారు. ఏళ్ళ తరబడి నానుతున్న తీర్మానం ఆ రోజే నెగ్గింది. ఎండ ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం ఆరుబయట ఎవరిచేతా పని చేయించకూడదన్నారు. దేశాలు వరసగా చట్టాలు చేశాయి. ఖర్చు పెట్టిన అంతర్జాతీయ సంస్థ ఆ ఫొటోను అన్ని ఫోన్లకూ వదిలింది. బళ్ళలో పిల్లలకు చూపించారు. ఎక్కడెక్కడి ఊళ్ళలోనో, తెలుగు అనే భాష ఒకటుందని కూడా తెలియని మనుషులు, రాహేలు కళ్ళలోకి చూస్తూ కాలిపోయారు.

ప్రభుదాసు పత్రిక మొదటి పేజీలో అతని ఫొటో వేసింది. ఈసారి అందరూ ఆగి చూశారని అతను అక్కకు ఫోనులో చెప్పాడు.

*

చట్టం వచ్చిన వేసవిలోనే ఊళ్ళో క్వారీ గేటు మూసేశారు. మధ్యాహ్నం పని చేయించకూడదు కాబట్టి అసలు పనే లేదన్నాడు యజమాని. కూలి ఇమ్మని చట్టంలో ఎక్కడా లేదన్నాడు. వానలు పడ్డాక గేటు తెరిచి, రాయి కోసే మిషన్లు దింపాడు. పని పోయినవాళ్ళు యజమాని మీదికి వెళ్ళలేదు, రాహేలు గుమ్మం ముందుకొచ్చారు. లోకానికి ముఖం చూపించి మా కూడు తీశావన్నారు. ఆమెతో పాటు ఇరవై ఏళ్ళు పలకలు మోసిన ఆడవాళ్ళు బోరింగు దగ్గర ఆమెను చూసి బిందెలు తీసుకుని పక్కకు పోయేవారు.

వాళ్ళ కోపం రాహేలుకు అర్థమైంది. ఊరి బయట ఎదురైంది మాత్రం అర్థం కాలేదు.

ఒకరోజు మాచర్లలో చెప్పులు కొనడానికి వెళ్ళింది. షాపతను ఆమెను చూడగానే ముఖం తుడుచుకున్నాడు. ఫ్యాను కింద కూర్చుని ఉన్నా చొక్కా తడిసిపోయింది. చెప్పులు అయిపోయాయన్నాడు, వెనక అరల నిండా చెప్పులుండగానే. తిరుగు బస్సులో పక్క సీటావిడ ఆమె వైపు తిరిగి, కెవ్వుమని లేచి, చంకలో పిల్లతో సహా వెనక్కి పోయింది. ఒకడు దింపేయమన్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. కండక్టరు చెడ్డవాడేమీ కాదు. కాళ్ళ కింద రేకు వైపు చూస్తూ, "దిగమ్మా, జనం గొడవ చేస్తన్నారు," అని మెల్లగా అన్నాడు. దిగి నడుస్తుంటే కిటికీలోంచి ఎవరో విసిరిన నీళ్ళ సీసా వీపుకు తగిలింది.

అప్పటినుంచి ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుని తిరిగింది.

వకుళ అదే రోజుల్లో మొదటి వలంటీర్లను మళ్ళీ పిలిపించింది. ఫొటో చూశాక మనుషుల్లో దయ ఎంత పెరిగిందో కొలవాలని ఆమె ఉద్దేశం. ఈసారి వెలుగులో వణుకు లేని మామూలు ఫొటో చూపించింది. అందులో రాహేలు ఇంటి ముందు కూర్చుని నవ్వుతోంది. అందరికీ చెమటలు పట్టాయి. ఈమె గురించి మీకేమనిపిస్తోందని అడిగితే పాపం అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ చూపులో ఏదో ఉంది, కావాలనే మన మీదికి వదిలింది అన్నారు కొందరు. వాళ్ళలో ఒకాయన కాలేజీ లెక్చరరు, చాలా మెత్తని మనిషి. ఆవిణ్ణి చూస్తే చెంప పగలగొట్టాలనిపిస్తోందన్నాడు. అన్నందుకు సిగ్గుపడ్డాడు. అయినా, నిజంగానే అనిపిస్తోందని మళ్ళీ అన్నాడు.

వకుళకు విషయం అందింది. ఒకసారి నిప్పు తగిలిన చెయ్యి నిప్పును క్షమించదు. వాళ్ళ ఒంటికి ఎండ తెలియదు, క్వారీ తెలియదు, చట్టం తెలియదు. మంట పుట్టినప్పుడు ఎదురుగా కనిపించింది ఒక్క ముఖమే.

ఆమె ఇంకొక పరీక్ష చేసింది. తలగుడ్డ కట్టుకున్న వేరే ఆడవాళ్ళ ఫొటోలు పెట్టింది. ఇటుకలు మోసే ఒరియా ఆవిడ, రోడ్డు పనిలో ఉన్న పాలమూరు ఆవిడ. వాళ్ళను చూసినప్పుడు కూడా వలంటీర్ల ఒళ్ళు మండింది. ఆమె లేచి తెర ఆపేసి, గదిలో లైట్లన్నీ వేసింది.

ఆ నెలలోనే వార్తలు మొదలయ్యాయి. ఒక పెద్ద నగరంలో మేడ కడుతున్నచోట కూలి ఆడవాళ్ళ మీద అపార్ట్‌మెంటువాళ్ళు రాళ్ళు వేశారు. ఎవరికోసం ఆ బొమ్మ తీశారో వాళ్ళను చూస్తేనే లోకం పళ్ళు నూరుతోంది.

*

రాహేలు హైదరాబాదు వచ్చి తమ్ముడి తలుపు తట్టింది. చాలాకాలంగా అతను ఊరికి రాలేదు. పని ఒత్తిడి అని ఫోనులో చెప్పేవాడు. లోపలికొచ్చి కూర్చుని కొంగు తీసింది. ప్రభుదాసు మంచినీళ్ళు తెస్తానని లేచాడు. గ్లాసు అందిస్తూ గోడ వైపు చూశాడు. అతని మెడ మీద చెమట ధారగా దిగుతోంది.

"నువ్వు కూడానా దాసూ," అంది.

లోకంలో ఆ ఫొటోను అందరికంటే ఎక్కువసేపు చూసింది అతనే.

కూతురు షారోను గురించి చెప్పడానికి వచ్చింది ఆమె. షారోను నరసరావుపేటలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. అచ్చం తల్లి పోలిక. కాలేజీలో అందరికీ ఫొటో చూపించాక, పిల్లలు షారోనును భోజనాల గదిలోకి రానివ్వడం లేదు. మెట్ల దగ్గర కూర్చుని తింటోంది. రాహేలు అక్కడితో ఆగి, గ్లాసులో నీళ్ళు తాగి, మిగతాది చెప్పింది. షారోను కూడా ఆ ఫొటో చూసింది. సెలవులకు వచ్చిన పిల్ల అమ్మ వైపు చూడకుండా, గోడకు తిరిగి అన్నం తిని వెళ్ళిపోయింది. దీన్ని మీరే చేశారు, మీరే తియ్యాలి, ఆ మేడం దగ్గరికి తీసుకుపొమ్మంది.

ప్రయోగశాలలో వకుళతో పాటు అంతర్జాతీయ సంస్థ ప్రతినిధి ఉన్నాడు. విదేశీయుడు, మర్యాదస్తుడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, రాహేలు తల పైగా చూస్తూ మాట్లాడాడు. కోట్లమంది మెదళ్ళను మార్చడం కుదరదని, అందుకని తాము ఒక ఏర్పాటు చేశామని చెప్పాడు. అతని మాటలు తెలుగులో చెప్పవలసి వచ్చిన వకుళ తలెత్తలేదు. ఆపరేషను చేయించి రాహేలు ముఖం మార్పిస్తారట. ముక్కు, దవడ, కనురెప్పలు. మంచి డాక్టర్లు, నొప్పి కూడా పెద్దగా ఉండదట.

రాహేలు కొంగు పూర్తిగా వెనక్కి తీసేసింది. ప్రతినిధి కుర్చీ వెనక్కి జరిగింది.

"నా బిడ్డది కూడా ఇదే ముఖం. దాందీ కోస్తారా? రేపు దానికి పుట్టేవాళ్ళకి కూడా ఇదే వస్తే?" అంది.

వకుళ ఆ మాటను ఇంగ్లీషులో చెప్పలేదు.

"చెప్పండి మేడంగారూ, ఆయనకి," అంది రాహేలు. "ఏలియా ఎట్టా పోయాడో తెలుసుకుంటారని నిలబడ్డాను. మీకు తెలిసింది ఏంది? కాలిద్దని తెలిసింది. కాలేది ఎవరికో తెలవలా."

ఆ మాట కూడా వకుళ నోట రాలేదు. ప్రతినిధి గడియారం చూసుకుని లేచాడు. పోతూ పోతూ, తర్వాతి బొమ్మల పని ఆగకూడదని గుర్తుచేశాడు. వరద మీద ఒకటి, ఆకలి మీద ఒకటి. ఆకలి బొమ్మకు ఒక చిన్నపిల్లను ఇప్పటికే చూసిపెట్టారు.

ఆ వారమే వకుళ పత్రికలవాళ్ళను పిలిచింది. తన బొమ్మ దయను కాదు, ద్వేషాన్ని పుట్టిస్తుందని, పరీక్షల్లో తేలింది తేలినట్టు చెప్పింది. మీకెలా ఉందని ఒక విలేకరి అడిగాడు. తనకూ అంతేనంది. రాహేలు ఎదురుగా కూర్చున్నప్పుడు ఆమెను గదిలోంచి వెళ్ళగొట్టాలనిపించిందని, దయగలదాన్నని తన మీద తనకున్న నమ్మకం ఆ రోజు పోయిందని అంది. ఆమె పనిచేసే పరిశోధనా సంస్థ మర్నాడే ఆమెను తీసేసింది. ఆకలి బొమ్మ మాత్రం ఆగింది. జాలి వల్ల కాదు, ఆ పిల్ల దేశంవాళ్ళు భయపడ్డారు, రేపు తమ పిల్లలందరినీ లోకం తరిమికొడుతుందని. రాహేలు బొమ్మను వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాలేదు. అది కోట్ల ఫోన్లలో ఉంది.

వెళ్ళిపోయే ముందు వకుళ ప్రభుదాసుకు ఒక సంగతి చెప్పింది. ఒంటికి పట్టిన భయాన్ని ఇంకొక బొమ్మతో పోగొట్టడం కుదరదు. ఆ మనిషి ముందే కూర్చోవాలి. మండుతున్నా చూడాలి. ఈ ముఖం నుంచి తనకు ఏ హానీ రావడం లేదని ఒళ్ళు తనంతట తాను తెలుసుకునేదాకా, మళ్ళీ మళ్ళీ. కోట్లమంది చేత ఆ పని ఎవరు చేయిస్తారు? ఒకరిద్దరికి కుదరొచ్చు, నమ్మకం లేదు అంది.

*

ప్రభుదాసు ఉద్యోగం మానేసి ఊరికి వచ్చాడు. అక్క ఇంటి తలుపు మీద ఎవరో పేడ కొట్టారు. రాహేలు దాన్ని కడగడం మానేసినట్టుంది, ఎండి పెళ్ళలు కట్టింది. అతను కడిగాడు. ఆమె చూస్తూ ఊరుకుంది.

వచ్చిన పని చెబితే, గోంగూర వలుస్తూ, కూర్చొమ్మని నేల చూపించింది. అతను ఎదురుగా కూర్చుని తలెత్తాడు. వెంటనే నెత్తిన కుంపటి బోర్లించినట్టయింది. కళ్ళు మూసుకుపోతున్నాయి. గొంతు ఎండింది. మంటతో పాటు ఇంకొకటి లేచింది. దానికి అతను సిద్ధంగా లేడు. ఎదురుగా ఉన్నది తనను పెంచిన మనిషని తెలుసు, అయినా ఆమెను తోసేయాలని చేతులు లాగుతున్నాయి. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి లేచి పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు.

వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది.

"రేపు రా."

ఊళ్ళోనే వేరే గదిలో ఉంటూ రోజూ వచ్చాడు. ఆమె అతనికి మంచి మాట ఒక్కటీ చెప్పలేదు. ఎదురుగా కూర్చుని తన పని తాను చేసుకునేది, అతను కాలుతుంటే చూసేది. ఒకరోజు మాత్రం, తెలుసుకోవాలని అడుగుతున్నట్టు అడిగింది. ఆ రోజు గుంటలో మేడం చాలని కేకేసింది తనకూ వినపడిందని, మరి ఎందుకు ఆపలేదని. ఫొటో ఇంకా రాలేదనుకున్నానన్నాడు. ఆమె తల ఊపింది.

"నువ్వు రోజూ వస్తన్నావని నిన్ను క్షమించాననుకోబాకు," అంది. "నాకు మనిషి కావాలి. నన్ను చూసే మనిషి ఒకడు కావాలి. అందుకని రానిస్తన్నాను."

అతను మర్నాడూ వచ్చాడు. వానలు ముగిసేసరికి, ఒక పూట భోజనం పూర్తయ్యేదాకా ఆమెను చూస్తూ కూర్చోగలిగాడు. చెమట ఆగలేదు. తోసేయాలనిపించడం ఆగింది. ఊరు మారలేదు. బోరింగు దగ్గర బిందెలు ఇంకా పక్కకు పోతూనే ఉన్నాయి.

దసరా సెలవులకు షారోను వచ్చింది. బస్సు దిగిన దగ్గరనుంచి ముఖానికి చున్నీ కట్టుకునే ఉంది. ఇంట్లో అమ్మ వైపు చూడకుండా సంచీ పెట్టి, మామయ్య ఎందుకు అలా కూర్చుని చెమటలు కారుస్తున్నాడని అడిగింది. అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. సాయంత్రం ఆ పిల్ల దువ్వెన తెచ్చి, తల్లికి వీపు పెట్టి కూర్చుంది. అలా అయితే చూడనక్కర్లేదు. రాహేలు చిక్కులు తీస్తూ హాస్టలు సంగతులు అడిగింది. ఇప్పటికీ మెట్ల దగ్గరే తింటున్నానంది షారోను. వాళ్ళను ఏమైనా అన్నావా అంటే, ఒకమ్మాయి జుట్టు పట్టుకుని గోడకు కొట్టానంది. రాహేలు దువ్వడం ఆపలేదు, తిట్టలేదు.

జడ అయిపోయాక కూడా షారోను లేవలేదు. అరుగు మీద కూర్చున్న ప్రభుదాసు, పిల్ల భుజాలు బిగుసుకోవడం చూశాడు. తర్వాత ఆమె కూర్చున్నచోటే మెల్లగా వెనక్కి తిరిగింది.

నుదుటి మీద చెమట చుక్కలు పేలాయి. చేతులు రెండూ చాప అంచును పట్టుకున్నాయి. రాహేలు తన ముఖం పక్కకు తిప్పుకోబోయింది. షారోను తల్లి గడ్డం పట్టుకుని ఆపింది.

"మండుతుందమ్మా," అంది.

"తెలుసు. ఆ రోజు నాక్కూడా ఇట్టాగే మండింది."

"ఇంతానా?"

"ఇంతే."

"నాన్నకి కూడానా?"

రాహేలు అవునని తల ఊపింది. ఏలియా పోయిన దగ్గరనుంచి ఆమె కంట నీరు చూసినవాళ్ళు లేరు. ఇప్పుడు చూసింది కూతురొక్కతే.